కాల్చినవి, కాలినవి

ఒక్క చకారం. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువంతా అంతే. ఆ రోజు దాన్ని పలికి ఉంటే నేను చెప్పింది అబద్ధమయ్యేది. పలకలేదు. పలకలేదు గనుక అబద్ధమాడలేదని నన్ను నేను నమ్మించుకుంటూ నడి వయసుకు వచ్చాను. ఇప్పుడు అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలనిపిస్తోంది. తెలిసినవాళ్ళకు చెబితే ఊరడిస్తారు. నేను రాస్తున్నది ఊరడింపు కోసం కాదు.

నేను తేదీలూ లెక్కలూ రాసుకునే మనిషిని. ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఆ అలవాటు ఉంది. నేను చెప్పబోయే రోజు కూడా నా దినచర్యలో ఉంది. ఆ తేదీ కింద పటాన్‌చెరుకు రానుపోను బస్సు చార్జీ, క్యాంటీనులో ఇచ్చిన చిల్లర, సాయంత్రం కురిసిన వాన కనిపిస్తాయి. ఇంకేమీ లేదు. వానను కూడా వదలని వాణ్ణి, దాన్నెలా వదిలేశాను? మరచిపోయి కాదు. రాస్తే అది జరిగినట్టవుతుందని.

ఎనభైల చివరి సంవత్సరాలు. పటాన్‌చెరు దాటాక, యంత్రాల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీ. దాని డ్రాయింగ్ ఆఫీసులో ఇద్దరం టెంపరరీ ట్రేసర్లం. ఇంజినీర్లు పెన్సిలుతో గీసిన నక్షాలను సిరాతో ట్రేసింగ్ క్లాత్ మీదికి ఎక్కించడం మా పని. ఒకణ్ణి నేను, రెండోవాడు విఠల్. మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి ప్రభుత్వ రంగ కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. విఠల్‌ది బొంతపల్లి. వాళ్ళకు పొలం ఉంది గానీ, అది ఇంటిల్లిపాదినీ పోషించేది కాదు. వాళ్ళన్న గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో పీపాలు దొర్లించి దొర్లించి, దగ్గుతో మంచం పట్టాడు. విఠల్ కోరుకున్నది ఒక్కటే: తాను ఆ గేటు లోపలికి పోకూడదు. ఆ మాట దాచుకునేవాడు కాదు. అన్నం తింటున్నప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఊరికే అనేవాడు.

గీతలు గీయడానికి గొట్టం పెన్నులు అప్పటికే వచ్చాయి. అయినా మా సెక్షన్ హెడ్, అందరం పెద్దసారు అని పిలిచే ఆయన, నక్షా మూలన ఉండే శీర్షికలను మాత్రం సిరాలో ముంచి రాసే పాళీతోనే రాయించేవారు. అచ్చు పలకలతో దిద్దిన అక్షరాలు ఆయనకు కంటగింపు. అందువల్ల మా ఆఫీసులో పాళీలకు, హోల్డర్లకు ఒక బీరువా అర ఉండేది. అది నా చేతికి వచ్చింది. ఎవరూ అప్పగించలేదు. చిందరవందరగా ఉంటే చూడలేక నేనే సర్దడం మొదలుపెట్టాను.

ఆ సర్దుడంటే నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గొంతు బిళ్ళలు వచ్చే రేకు డబ్బీలు పోగుచేసి, లోపల అట్టముక్కలతో గదులు కట్టి, సన్నమొన ఒక గదిలో, వెడల్పు మొన మరో గదిలో, ఏటవాలుగా కోసిన మొన ఇంకో గదిలో పెట్టేవాణ్ణి. అడుగున దూది పరిచేవాణ్ణి, మొనలు ఒకదానికొకటి తగలకుండా. హోల్డర్లను విడిగా నిలబెట్టేవాణ్ణి. హోల్డరు ఎంచుకోవడం పాళీని ఎంచుకోవడం కన్నా కష్టమని అప్పుడే తెలిసింది. మూతి దగ్గరి రేకు గొట్టం వదులైతే పాళీ కదిలి అక్షరం వణుకుతుంది. బిగువు మరీ ఎక్కువైతే పాళీ వంగుతుంది. పిడి సన్నమైతే లావు వేళ్ళున్నవాడు దాన్ని నొక్కి పట్టుకుంటాడు, మధ్యాహ్నానికల్లా చేయి పీకుతుంది. విఠల్‌వి లావు వేళ్ళు. వచ్చిన కొత్తలో సన్న పిడితో అవస్థపడుతుంటే నేనే కోఠీలో వెతికి బిరడా తొడుగున్న లావు హోల్డరు ఒకటి తెచ్చి ఇచ్చాను. మర్నాటి నుంచి అతని అక్షరం మారిపోయింది. మా స్నేహం అక్కడ మొదలైంది. ఇది కూడా నిజమే అని రాయాలి.

నన్ను పంతులూ అని పిలిచేవాడు. నేను ఏ పాళీకి ఏ హోల్డరు కుదురుతుందో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూస్తుంటే, సంబంధాలు చూస్తున్నవా, జాతకాలు కలిసినయా, లగ్గం ఎప్పుడు పెట్టుకుందాం అని ఏడిపించేవాడు. మీ ఆంధ్రోళ్ళు పాళీలకు కూడా కులం చూస్తరని ఒకసారి అంటే ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మనసులో పెట్టుకోలేదు. మనసులో పెట్టుకున్నది వేరు.

కొత్త పాళీ మీద తుప్పు పట్టకుండా సన్నని నూనెపూత ఉంటుంది. అలాగే ముంచితే సిరా అంటదు, బొట్టుగా జారి పడుతుంది. అందుకని మా దగ్గర ఒక పద్ధతి. స్పిరిట్ దీపం మంట మీద పాళీని రెప్పపాటు ఆడించి, నీళ్ళలో ముంచి, గుడ్డతో తుడవాలి. దాన్ని కాల్చడం అనేవాళ్ళం. కాల్చినవి అంటే రాయడానికి సిద్ధమైనవి. మంట మీద ఆ రెప్పపాటు కాస్త ఎక్కువైతే ఉక్కులోని బిగువు చచ్చిపోతుంది. చూడడానికి పెద్ద తేడా ఉండదు, కాస్త నీలం తిరుగుతుంది, అంతే. సరిగ్గా కాల్చినదానికీ కొంచెం రంగు మారుతుంది గనుక పట్టి చూస్తే తప్ప తెలియదు. తేలికగా గీస్తే బాగానే పారుతుంది. ఒత్తి రాసినప్పుడు మాత్రం మొన చీలిక విచ్చుకుని మళ్ళీ మూసుకోదు. అలా చెడిపోయినవాటిని కాలినవి అనేవాళ్ళం. పాతవి తిరిగి ఇస్తేనే స్టోర్స్‌లో కొత్తవి ఇచ్చేవాళ్ళు. అందుకని కాలినవాటిని పారేయకుండా మరో డబ్బీలో దాచేవాణ్ణి.

ఒక పర్మనెంటు పోస్టు వచ్చింది. ఉన్నది మేమిద్దరం. ఇద్దరికీ చెరొక పెద్ద నక్షా ఇచ్చి, ఎవరిది బాగుంటే వాళ్ళకే అని పెద్దసారు తేల్చేశారు. గీతల్లో ఇద్దరం ఒకటే. తేడా అంతా శీర్షికలో. అక్షరంలో విఠల్ నాకన్నా మేలు. అది నాకు తెలుసు, అతనికి తెలుసు, పెద్దసారుకూ తెలుసు. దానికి ముందువారం ఆయన ఒక ఇంజినీరుతో నా గురించి మాట్లాడడం తలుపు పక్క నుంచి విన్నాను. ఇతను పాళీలు సర్దడానికి బాగా పనికొస్తాడు, స్టోర్స్‌లో వేస్తే సరి అన్నారు. వెటకారం కాదు. మామూలుగానే అన్నారు. అందుకే లోపలికి దిగింది. నాన్నగారి రిటైర్మెంటు దగ్గరపడింది, క్వార్టర్సు ఖాళీ చేయాలి, నాకు ఆ ఉద్యోగం అవసరం. ఇవన్నీ కారణాలే. కానీ నాచేత ఆ పని చేయించినవి ఇవేనా? లేక ఆ ఒక్క మాటేనా? ఇన్నేళ్ళు తూచినా తేల్చుకోలేకపోయాను.

ఆ ఉదయం స్టోర్స్‌కు తిరిగి ఇవ్వడానికి కాలినవాటి డబ్బీ తీసి బల్ల మీద పెట్టాను. కాల్చినవాటి డబ్బీ దాని పక్కనే ఉంది. మూతలు రెండూ తీసి ఉన్నాయి. పేర్లు మూతల మీదే ఉండేవి. నేను కావాలని పెట్టలేదు. దీన్ని మీరు నమ్మకపోయినా నేను చేయగలిగింది లేదు. విఠల్ వచ్చాడు, తన హోల్డరు పట్టుకుని. గీతలన్నీ అయిపోయాయి, శీర్షిక ఒక్కటే మిగిలింది. చేయి చాపి కాలినవాటి డబ్బీలోంచి ఒక పాళీ తీశాడు. అలవాటు కొద్దీ అడిగాడు.

"కాల్చినయేనా ఇవి, పంతులూ?"

"కాలినవే," అన్నాను.

"నీ డబ్బల నుంచి తీస్తే ఇగ సూసుకునేదేముంటది," అని నవ్వి, పాళీ బిగించుకుంటూ తన బల్ల దగ్గరికి పోయాడు.

అంతే జరిగింది. నేను గొంతు తగ్గించలేదు, మాట మింగలేదు. అడిగినదానికి నిజమే చెప్పాను. మా ఇళ్ళలో ఒకలా, వాళ్ళ ఇళ్ళలో ఒకలా పలికే మాటలు మా మధ్య రోజుకెన్నో దొర్లేవి. ఒక చకారం జారితే నా యాస అనుకుంటాడని నాకు తెలుసు. తెలిసే అన్నాను. తరువాత ఎన్నోసార్లు ఆ మాటను పట్టుకుని వ్యాకరణం విప్పుకున్నాను. కాల్చడానికి ఒక కర్త కావాలి. కాలడానికి అక్కర్లేదు. దానంతట అదే జరుగుతుంది, ఎవరి చేయీ ఉండదు. నేను వెతుక్కుని పట్టుకున్న క్రియ అది. ఇన్నేళ్ళూ దాని వెనకే దాక్కున్నాను.

అతను చిత్తుగుడ్డ మీద తేలికగా రెండు గీతలు గీసి చూసుకున్నాడు. బాగానే వచ్చి ఉంటాయి. శీర్షిక మొదలుపెట్టాడు. మొదటి మాట చక్కగా పడింది. నేను చూస్తూ ఉన్నాను. అప్పుడైనా లేచి ఆగమనాల్సింది. రెండో మాటలో నిలువు గీత ఒత్తగానే మొన విచ్చుకుంది, సిరా ఒక్కసారిగా దిగింది. అక్షరాల మీద నుంచి నక్షా గీతల మీదికి పాకింది. బ్లేడుతో గోకితే గుడ్డ నూగు లేచి ఇంకా పాడైంది. పెద్దసారు వచ్చి నిలబడ్డారు. కోప్పడలేదు. విఠల్ తల వంచుకుని చెప్పాడు.

"నా చెయ్యి బరువు సార్. జెర ఒత్తితే గిట్లయితది."

పెద్దసారు తల ఊపి వెళ్ళిపోయారు. పక్క బల్ల దగ్గర నేను నా శీర్షిక రాస్తున్నాను. ఆఖరి అక్షరం దాకా శుభ్రంగా వచ్చింది.

ఆ సాయంత్రం వానలో అందరూ బస్సుకు పరుగెత్తాక అతని బల్ల మీద ఆ పాళీ కనిపించింది. తుడిచి, మిగిలిన కాలినవాటితో కలిపాను. మర్నాడు స్టోర్స్‌లో ఇచ్చాను. వాటికి బదులు కొత్తవి వచ్చాయి. ఆ కొత్త పాళీలతోనే పర్మనెంటు ఉద్యోగిగా నా మొదటి నక్షాకు పేరు రాశాను. విఠల్‌ను నెలాఖరున ఆపేశారు. పోయేముందు నాకు మిఠాయి తినిపించి, నీకొచ్చినందుకు నాకు సంతోషమే అన్నాడు. నిజంగానే అన్నాడు. కొన్నాళ్ళకు గడ్డపోతారంలో చేరాడని విన్నాను. అన్న పనిచేసిన ఫ్యాక్టరీలోనే.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఒక ఉద్యోగం లాక్కున్నానని ఒప్పుకుని ఊరుకునేవాణ్ణేమో. చాలామంది అలాంటివి చేస్తారు, మోస్తారు. కానీ రెండువేల సంవత్సరం దాటిన కొద్దికాలానికి సంగారెడ్డిలో పెళ్ళికార్డుల దుకాణం దగ్గర అతను కనిపించాడు. గడ్డం నెరిసింది. వేళ్ళ చర్మం మందునీళ్ళకు పగిలి, గోళ్ళు పచ్చబారి ఉన్నాయి. దగ్గు కూడా వచ్చింది. మేనకోడలి పెళ్ళి అట. కార్డుల కట్ట చేతిలో ఉంది, పేర్లు రాయించాలి. నన్ను చూడగానే మొహం విప్పారింది. చాయ్ తెప్పించి, కట్టను నా ముందు పెట్టాడు.

"జెర నువ్వే రాసియ్యి పంతులూ. నా చెయ్యి బరువు, నీకెర్కనే గదా."

నాకు ఎరుకే. అతను ఆ మాటను వెటకారంగా అనలేదు. అనుమానంతో అనలేదు. నమ్మి అన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం కూడా అవసరానికి మించి రాయలేదట. సంతకం చేసేటప్పుడు కూడా భయమేస్తదని నవ్వుతూ చెప్పాడు. నాకు తెలిసినంతలో మా ఆఫీసులో అంత తేలికైన చేయి మరొకటి లేదు. ఆ చేతికి బరువని పేరు పెట్టింది నేను. అతను దాన్ని తన సొంతం చేసుకుని, ఇంటికి తీసుకుపోయి, పిల్లల ముందు కూడా అదే చెప్పుకుంటూ బతికాడు.

అప్పుడు చెప్పాల్సింది. ఎదురుగా కూర్చున్నాడు, తొందర లేదు, వినేవాళ్ళు లేరు. నేను పేర్లు రాశాను. కట్ట మొత్తం రాశాను. అతను ఒక్కొక్క కార్డూ చదివి ముత్యాల లెక్కున్నయని మెచ్చుకుంటుంటే తల ఎత్తకుండా రాశాను. ఎందుకు చెప్పలేదు? తిడతాడని కాదు. తిట్టడని భయం. పోనీలే పంతులూ అనేస్తాడని భయం. అంటే నేనేం చేసుకోవాలి ఆ మాటను? లేక ఇది కూడా నేను వెతుక్కున్న ఇంకో క్రియేనా?

పెళ్ళికి పోలేదు. బొంతపల్లి మా ఇంటికి దూరమేమీ కాదు. బస్సు దొరుకుతుంది. వెళ్ళి చెబుతానని ఇక్కడ రాయను. రాసి, వెళ్ళకపోతే, అది మరో అబద్ధమవుతుంది. అలాంటివి నిజంలా కనిపించేలా చెప్పడం నాకు ఎంత బాగా వచ్చో ఇప్పుడు మీకు తెలుసు.

ఇంతవరకు రాయడానికి చాలా రోజులు పట్టింది. రాసి చదువుకుంటే నా తప్పు చిన్నదిగా కనిపించలేదు, పెద్దదిగానూ కనిపించలేదు. ఉన్నంతే ఉంది. విఠల్ చేయి మంచిది. పాళీ చెడ్డది. అది నాకు తెలుసు, తెలిసే తీసుకోనిచ్చాను. ఇప్పటిదాకా ఈ సంగతి లోకంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు మీకూ తెలుసు.