పదకొండు పేర్ల సంచి

అరుణశ్రీ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. దానివల్ల ఆమెకి ఏనాడూ ఏ ఇబ్బందీ రాలేదు గానీ, చూసేవాళ్లకే మనసు ఊరుకునేది కాదు. గరివిడిలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరిన మొదటిరోజు ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు ఆమెని ఏడో తరగతి వరసలోకి వెళ్లి నిలబడమన్నాడు. తల్లి గున్నమ్మది భోగాపురం అవతల సముద్రపొడ్డు పల్లె. ముప్పై ఏళ్లుగా చేపల గంప వేసుకుని సర్వీసు ఆటోలో చీపురుపల్లి వచ్చి అమ్ముకుని వెళుతోంది. కూతురు పొట్టిదని ఎవరైనా అంటే, పొడుగాటోళ్లు పడితే దెబ్బ ఎక్కువ తగులుతుందని చెప్పి నోరు మూయించేది.

అలాంటి అరుణశ్రీకి కొండల పిచ్చి ఎలా పట్టిందో ఆ పల్లెలో ఎవరికీ అంతుపట్టలేదు. అక్కడ ఇసుకదిబ్బ కన్నా ఎత్తైనది సెల్ టవరు ఒక్కటే. బడి తరఫున ఒకసారి పిల్లల్ని శిబిరానికి తీసుకెళ్లి, తాడు పట్టుకుని బండ ఎక్కడం నేర్చుకుంది. ఆ తర్వాత సెలవులు పోగేసుకుని ఉత్తరాదికి పోయి నెలరోజుల శిక్షణ పూర్తిచేసి వచ్చింది. ఈ ఏడు ఆరువేల మీటర్ల శిఖరానికి ఒక జట్టు వెళుతోంది. మన జిల్లాల నుంచి పన్నెండు మందిని పిలిచారు, అందులో నలుగురినే తీసుకుంటారు. సాలూరు పైనున్న కొండ మీదకి ఇరవై కిలోల బరువు వీపున వేసుకుని మూడు గంటల్లో ఎక్కాలి, అదే పరీక్ష. ఎవరి సంచి వాళ్లే తెచ్చుకోవాలి. వచ్చే ఏటికి అరుణశ్రీ వయసు దాటిపోతుంది కాబట్టి ఆమెకి ఇదొక్కటే అవకాశం.

సంచి లేదన్న సంగతి తెలిసి తిరుమలరావు గారు రంగంలోకి దిగారు. ఆయనకి సాలూరులో లారీలున్నాయి. లారీలతో పాటు ఒక సాహస క్రీడల సేవా సంఘం కూడా ఉంది. ఆ సంఘానికి ఆయన శాశ్వత అధ్యక్షులు. సాహసం అంటే ఆయనకి మక్కువే గానీ, మోకాళ్ల నొప్పుల వల్ల ఆఫీసు మేడ మీదకి కూడా ఎక్కరు. దరఖాస్తు మీద సంఘం సంతకం ఉంటేనే పరీక్షకి రానిస్తారు, ఆ సంతకం ఆయనదే. పిల్లకి సంచి కొనిపెట్టే పూచీ తనదని బడికి వచ్చి మైకులో ప్రకటించి, దాతల పేర్లు పోగుచేశారు. పదకొండు మంది తేలారు.

మనవైపు దానం సంగతి తెలిసిందే. బడికి ఫ్యాను ఇస్తే రెక్కకి ఒక పేరు చొప్పున రాయాలి. ట్యూబులైటు ఇస్తే, వెలుతురు రాకపోయినా సరే, దాత తండ్రిగారి పేరుతో సహా దాని మీద ఎర్ర రంగుతో ఉండాలి. గిన్నె ఇచ్చినా అడుగున చెక్కించే ఇస్తారు. ఆ లెక్కన సంచి కొనడానికి విశాఖపట్నం బయల్దేరినప్పుడు సంఘం కమిటీ వారి మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే, పదకొండు పేర్లూ ఎక్కడ పడతాయని. రెండు కార్లలో తొమ్మిది మంది వెళ్లారు. వెనక కారులో వెనక సీట్లో పూలదండల పక్కన అరుణశ్రీ కూర్చుంది.

దుకాణం ఆయన పని తెలిసిన మనిషి. ఆమెని వెనక్కి తిరగమని, మెడ కింద తగిలే ఎముక దగ్గర టేపు పెట్టి, తుంటి ఎముక దాకా కొలిచాడు. మనిషి పొడుగు కాదు, వీపు పొడుగు చూసి సంచి కొనాలని, బరువంతా భుజాల మీద కాకుండా నడుం పట్టీ మీద కూర్చోవాలని వివరించి, నీలంరంగు అరవై అయిదు లీటర్ల సంచి తీశాడు. అరుణశ్రీ తగిలించుకుంది. ఎవరో వెనకనుంచి వచ్చి మెల్లిగా చేతులేసి పట్టుకున్నట్టుగా అది ఒంటికి కుదిరిపోయింది. ఇదే కావాలని చెప్పబోయింది.

తిరుమలరావు గారు ఆ సంచి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. ముడతలూ జేబులూ తప్ప చదునైన జాగా ఎక్కడా లేదు. రైసు మిల్లు గణపతిరావు గారు జానతో కొలిచి, నలుగురి పేర్లు కూడా పట్టవని తేల్చారు. అప్పుడు తిరుమలరావు గారి చూపు గోడకి వేలాడుతున్న ఎర్రటి వంద లీటర్ల సంచి మీద పడింది. వెనకభాగం ఎన్నికల గోడలా వెడల్పుగా, నున్నగా ఉంది. అది ఆరడుగుల మగవాళ్ల కోసం చేసినదని దుకాణం ఆయన చెబుతూనే ఉన్నాడు. పెద్ద కొండకి చిన్న సంచి తీసుకెళితే జిల్లా పరువు పోతుందని తిరుమలరావు గారు కొట్టిపారేసి, తానే దాన్ని తగిలించుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. లోపల స్పాంజి ముక్కలు కూరి ఉండటం వల్ల అది దూదిలా తేలిగ్గా ఉంది. భలే ఉందని ఎనిమిది మంది అన్నారు. తొమ్మిదో మనిషి తనని ఎవరూ అడగలేదు కాబట్టి ఊరుకుంది.

వారం తిరక్కుండా సంచి మీద అచ్చు పడింది. పైన మూత మీద గణపతిరావు గారి మిల్లు, అడుగున నగల దుకాణం, కోచింగ్ సెంటరు, ఒక పళ్ల డాక్టరు, ఇంకా ఇతరులు. నట్టనడుమ నిలువెత్తున తిరుమలరావు గారు. పంచె, పట్టు కండువా, జోడించిన చేతులు, ఆ చేతుల మీదుగా బంగారు అక్షరాల్లో ఆయన పేరు. శిఖరం మీద ఫొటో తీసినప్పుడు కిందనుంచి పైదాకా అందరూ కనబడేలా ఏర్పాటు జరిగింది.

ఇంటికి తెచ్చాక గున్నమ్మ చేసిన మొదటి పని, దాన్ని తడి ఇసుకతో నింపడం. ఇరవై కిలోలు అయ్యిందో లేదో కాటాలో వేసి చూసి, వేసుకుని రేవు దాకా నడిచి రమ్మంది. అరుణశ్రీ బయల్దేరింది. నడుం మీద ఉండాల్సిన పట్టీ తొడల మీదకి జారింది. భుజాల పట్టీలు భుజాల పైన బెత్తెడు ఎత్తున గాలిలో ఉండి, లాగి బిగిస్తే చంకలు కోసుకుపోయాయి. అన్నిటికన్నా ఘోరం, సంచి పైభాగం తల వెనక గోడలా లేచి, మెడ ఎత్తనివ్వలేదు. కొండ ఎక్కేవాడికి పైకి చూడటం కుదరకపోతే ఇక ఏం ఎక్కుతాడు. గంట తిరిగేసరికి మెడ కింద తోలు లేచిపోయింది. ఒక్కసారి కూడా ఏడవని పిల్ల ఆ రోజు ఇసుకలో కూర్చుని ఏడ్చింది.

గున్నమ్మ ఆ పుళ్లకి కొబ్బరినూనె రాస్తూ, "నేను గంప కొన్నప్పుడు నా నెత్తి మీద ఎట్టి సూసి కొన్నాను. ఈ సంచి ఎవులి మీద ఎట్టి సూసినారే?" అని అడిగింది.

తిరుమలరావు గారి మీద, అని చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు అరుణశ్రీ సాలూరు వెళ్లి ఆయన్ని బతిమాలుకుంది. నీలం సంచిగా మార్పించమంది. ఆయన ఏమీ కోప్పడలేదు. పేర్లు పడ్డాక దుకాణం వాడు వెనక్కి తీసుకోడని, పదకొండు మంది పెద్దలకి తాను ఏం సమాధానం చెప్పుకోవాలని, కొండ ఎక్కేది ఒక్కసారే కాబట్టి కాస్త ఓర్చుకోమని నచ్చజెప్పారు. "నాలుగు రోజులు మోత్తే అదే అలవాటైపోద్దమ్మా" అన్నారు. అల్మరాలోంచి దరఖాస్తు తీసి, సంతకం పెట్టి, పరీక్ష రోజున తానే తెచ్చి ఇస్తానని మళ్లీ లోపల పెట్టారు. ఆ సంచి తప్ప వేరేది తెస్తే ఏమవుతుందో నోటితో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

ఆమె వీధిలోకి వచ్చేసరికి గున్నమ్మ సంచితో అక్కడే కాచుకుని ఉంది. చెయ్యి పట్టుకుని తిన్నగా తమ్ముడు గంగులు కొట్టుకి తీసుకెళ్లింది. గంగులు ఒకప్పుడు వలలు అల్లేవాడు. పెళ్లయి సాలూరు వచ్చాక లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టడం మొదలెట్టాడు. మేనకోడల్ని నిలబెట్టి, తాడుముక్కతో వీపు కొలిచి, అదే తాడు సంచి మీద పెట్టి చూశాడు. చాలాసేపు తల గోక్కున్నాడు. పైన కోద్దామంటే మూతి ఉంది, కింద కోద్దామంటే నడుం పట్టీ కుట్టు ఉంది. తియ్యాలంటే మధ్యలో జానెడు తీసి, పైదీ కిందదీ కలిపి కుట్టాలి. లోపలున్న రెండు అల్యూమినియం కమ్మీలు పక్క షెడ్డులో కోయిస్తే సరిపోతుంది.

మధ్యలో ఉన్నది ఎవరో ముగ్గురూ చూశారు. గంగులు కొట్టు నడిచేది తిరుమలరావు గారి లారీల పనితోనే. సుద్దముక్క పట్టుకుని అక్క వైపు చూశాడు. గున్నమ్మ కూతురి వైపు చూసింది. అరుణశ్రీ లెక్క వేసుకుంది. కోస్తే సంతకం పోవచ్చు, మావ గిరాకీ పోవచ్చు. కోయకపోతే కొండ పోవడం ఖాయం. మెడ మీది పుండు చురుక్కుమంది.

"కోసెయ్ మావా" అంది. "ఎవులైనా అడిగితే నేనే కోసీసినానని సెప్పు."

గంగులు మైనం పట్టించిన దారంతో రెండు వరసల కుట్టు వేశాడు. లారీ బరువుకి తట్టుకునే కుట్టు, కొండ బరువు దానికో లెక్క కాదు. పని అయ్యాక సంచి బల్ల మీద నిలబెట్టి వెనక్కి జరిగి చూసుకున్నాడు. జోడించిన చేతులూ కండువా బంగారు అక్షరాలూ పోయాయి. తిరుమలరావు గారి తల చిరునవ్వుతో వచ్చి నేరుగా పంచె మీద కూర్చుంది. "అతుకు బాగా కుదిరింది. మనిషే కుదరనేదు" అని గంగులు నిజంగానే నొచ్చుకున్నాడు.

పరీక్ష రోజు పొద్దున్న ఏడింటికే కొండ కింద కార్లు ఆగాయి. దాతలు, వాళ్ల వెనక కెమెరా మనిషి, ముందు తిరుమలరావు గారు. అరుణశ్రీ ఒక బండకి వీపు ఆనించి కదలకుండా నిలబడింది. ఎంపిక చేసే అధికారి మోహనకృష్ణ దరఖాస్తు తిరుమలరావు గారి చేతిలోంచి తీసుకుని, అట్టకి తగిలించుకుని, ఆమె దగ్గరికి వచ్చాడు. నడుం పట్టీ లాగి చూశాడు, భుజం పట్టీ కింద వేలు దూర్చి చూశాడు. పక్కనుంచి తొంగి కుట్టు కూడా చూశాడు. ఎవరు కుట్టారని అడిగితే, లారీ టార్పాలిన్లు కుట్టే మా మావ అని చెప్పింది. ఆయన అది రాసుకుని ముందుకు పోయాడు. తిరుమలరావు గారు దూరంనుంచి, సంచి కనబడేలా ఒక్కసారి ఇటు తిరగమని కేకేశారు. సరిగ్గా అప్పుడే విజిలు పడింది.

కొండ ఎక్కాలంటే తిరగక తప్పదు. తిరిగింది.

ముందు గణపతిరావు గారు నవ్వారు. తర్వాత పళ్ల డాక్టరు. ఆమె అడుగు వేసినప్పుడల్లా సంచి అటూ ఇటూ ఊగి, మొండెం లేని అధ్యక్షులవారు పంచె ఎగ్గట్టి కొండెక్కుతున్నట్టే ఉంది. కెమెరా మనిషికి జీతం ఇచ్చేది ఎవరో ఆ క్షణంలో గుర్తు రాక, వదలకుండా తీస్తూనే ఉన్నాడు. తిరుమలరావు గారి మొహం సంచి రంగుకి వచ్చింది.

"ఒలమ్మా, ఆగు" అని అరిచారు. "ఆగకపోతే సంతకం ఎనక్కి తీసీసుకుంటాను."

ఆ మాట అరుణశ్రీకి స్పష్టంగా వినబడింది. పెద్దవాళ్లు ఆగమంటే ఆగడం ఆమెకి చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. అయితే వెనక్కి చూడాలంటే ఇరవై కిలోలతో సహా మొత్తం తిరగాలి. పైకి చూడటానికి మెడ ఎత్తితే చాలు. ఎత్తింది. తల వెనక ఏమీ తగల్లేదు. జీడిమామిడి చెట్ల మీదుగా కొండ చివరిదాకా కనబడింది. బరువు తుంటి మీద కూర్చుని తనతో పాటు నడుస్తోంది. ఆమెకి చాలా సంతోషం కలిగింది, నడక ఆపలేదు.

కిందనున్న వాళ్లు చెప్పినదాని ప్రకారం, సంతకం వెనక్కి ఇమ్మని తిరుమలరావు గారు అడిగితే, పరీక్ష మొదలయ్యాక కాగితం తన చేతిలో లేనట్టేనని మోహనకృష్ణ అన్నాడట. ఈ సంచి ఎవరి ఆలోచనో గానీ వచ్చినవాటిలో ఒంటికి సరిపోయిన సంచి ఇదొక్కటేనని కూడా అన్నాడట. ఆ మాట విన్న కెమెరా మనిషి మైకు తిరుమలరావు గారి ముందు పెట్టాడు. ఆయన గొంతు సవరించుకుని, పొట్టివాళ్ల సౌకర్యం కోసం తన పేరునీ రూపాన్నీ సైతం త్యాగం చేసి ఈ సంచిని తమ సంఘమే ప్రత్యేకంగా తయారు చేయించిందని ప్రకటించారు. మిగతా దాతలు చప్పట్లు కొట్టారు. గంగులు గిరాకీ అలా నిలబడింది.

అరుణశ్రీ రెండు గంటల నలభై నిమిషాల్లో పైకి చేరింది. మధ్యాహ్నం కింద జాబితా అంటించారు. నలుగురిలో ఆమెది రెండో పేరు.

పొద్దుటినుంచీ కొండ కిందే కాచుకున్న గున్నమ్మకి చదువు రాదు. కూతురి పేరు ఏదో చూపించమంది. అరుణశ్రీ వేలు పెట్టి చూపించింది. ఆ నాలుగు అక్షరాల రూపాన్ని గున్నమ్మ కళ్లలో పెట్టుకుని, సంచి దగ్గరికి వెళ్లి, మూత మీద నుంచి అడుగు దాకా ఒక్కొక్క వరసా వేలితో వెతుక్కుంటూ వచ్చింది. మళ్లీ మొదటినుంచి వెతికింది.

"ఇందులో అది ఏదే?" అని అడిగింది.

"ఇందులో నేదమ్మా."

"ఇన్ని రాసినారు కదే," అంది గున్నమ్మ. "మోసేది నువ్వు కదా, అన్నిటికన్నా ముందు నీదే రాసుంటారనుకున్నాను."