ఫెస్టస్ బకెట్ ఆగిన చోటు

మా ఊరు కిల్‌కోరన్‌లో పాత క్రైస్తవ మఠం పక్కన తవ్వకం మొదలైన రోజు, పురావస్తు బృందానికి పెద్ద అయిన ఓర్లా మా ఫెస్టస్‌ని చూసి మొహం మాడ్చుకుంది. అరవై మూడేళ్ల మనిషి జేసీబీ ఎక్కి, బూట్లు విప్పి పక్కన పెట్టి, మేజోళ్లతో కూర్చుంటే ఎవరికి నమ్మకం కలుగుతుంది?

"ఈ ముసలాయన మా కొంప ముంచేలా ఉన్నాడే," అంది నాతో. నేను పార పనికి కుదిరినవాణ్ణి, నవ్వి ఊరుకున్నాను. ఉండబట్టలేక ఆయన్నే అడిగింది.

"బూట్లు విప్పేశారేంటండీ?"

"బూట్లుంటే నేల ఏం చెబుతోందో కాళ్లకి తెలీదమ్మాయ్."

"నేల మాట్లాడుతుందా?"

"ఆఁ. నీకంటే కాస్త తక్కువ."

మధ్యాహ్నానికల్లా ఆమె నోరు మూతపడింది. జేసీబీకి పళ్లు లేని బకెట్ తగిలించి, ఫెస్టస్ నేలను పాల మీద మీగడ తీసినట్టు పొరలు పొరలుగా తీశాడు. మట్టి రంగు రవ్వంత మారితే చాలు, బకెట్ గాల్లోనే ఆగిపోయేది. వెయ్యేళ్ల నాటి కందకం అంచు, పొయ్యి బూడిద, సన్యాసులెవరో పారేసుకున్న ఎముక దువ్వెన, ఏదీ చెదరలేదు. మా ఊళ్లో చదువుకున్నవాళ్లకి కొదవ లేదు గానీ, చేతికి కళ్లున్నవాడు మాత్రం ఇతనొక్కడే.

ఆ మెత్తదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊరికి తెలుసు, ఓర్లాకి తెలీదు. ఫెస్టస్ కంటే ముందు అతని తల్లి డీలియాకి ఒక ఆడపిల్ల పుట్టి గంటలోనే పోయింది. బాప్తిస్మం అందలేదు. అలాంటి పసిగుడ్లకు ఆ రోజుల్లో సమాధుల దొడ్డిలో చోటిచ్చేవారు కాదు. తండ్రి మార్టిన్ బిడ్డను సబ్బుల పెట్టెలో పెట్టి, కోటు కింద దాచుకుని తీసుకెళ్లాడు. ఎక్కడ పాతిపెట్టాడో చెప్పలేదు. ఆ మాటెత్తితే లేచి బయటికి పోయేవాడు. చెప్పకుండానే కన్నుమూశాడు. డీలియాకి ఇప్పుడు ఎనభై తొమ్మిది. కూతురెక్కడుందో తెలిస్తే గానీ తన ప్రాణం పోదంటుంది. అందుకే ఫెస్టస్ నలభై ఏళ్లుగా ఏ చేలో బకెట్ దించినా, అక్క అక్కడే ఉందేమోనన్నట్టు దించుతాడు.

నాలుగో రోజు మఠం గోడకు ఉత్తరాన బకెట్ ఆగింది. ఫెస్టస్ ఇంజిన్ ఆపి, మేజోళ్లతోనే బురదలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తుడిచాడు. తెల్లటి పలుగురాళ్లు, మూరెడు పొడవున, వరసగా. బాప్తిస్మం లేక పేరు పెట్టని పిల్లల గుంటల మీద మావాళ్లు ఉంచేది ఆ రాళ్లే. నలభై ఏళ్లలో ఫెస్టస్‌కి అలాంటి చోటు ఇంకెక్కడా దొరకలేదు.

వారం రోజులు బ్రష్షులతో పనిచేస్తే ఇరవై మూడు గుంటలు తేలాయి. పెట్టెలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. ఈలోగా ఊళ్లోవాళ్లు చెప్పగా ఓర్లాకి సంగతి తెలిసింది. వచ్చి ఫెస్టస్ పక్కన కూర్చుంది.

"మీ అమ్మగారి ఉమ్మి కాస్త ఇస్తే, అందులోని డీఎన్ఏని ఎముకలతో పోల్చి చూస్తాం. ఇక్కడ ఉంటే మీ అక్క ఎవరో తేలిపోతుందండీ."

ఫెస్టస్ ఏడ్చాడు. అంత మనిషి ఏడుస్తుంటే నాకూ ఆగలేదు.

మర్నాడు తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఓర్లా పరీక్ష గురించి మళ్లీ చెప్పింది.

"మీ పాపని వేరుగా తీసి ఇస్తాం మామ్మగారూ. మీ కుటుంబం సమాధిలో పెట్టుకోవచ్చు."

"అంతా ఎంతమంది?"

"ఇరవై ముగ్గురు."

"మిగతావాళ్ల కోసం ఎవరన్నా వచ్చారా?"

"చర్చిలో కూడా చెప్పించాం. ఎవరూ రాలేదు."

"ఎక్కణ్ణుంచి వస్తారు? ఆ తల్లులంతా పోయుంటారు."

డీలియా ఆ రాళ్ల వరసలను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. తర్వాత కొడుకు చెయ్యి వదిలేసింది.

"వద్దులేరా. నా ఒక్కదాన్నే ఎత్తుకుపోతే మిగతా ఇరవై ఇద్దరూ బిక్కమొహం వేసుకుని చూస్తుంటారు. కప్పెయ్."

"అమ్మా, ఇన్నేళ్లు వెతికాను!"

"వెతికావు నాయనా. నీలాంటి కొడుకు ఎవరికుంటాడు! కానీ దాన్ని ఒంటరిగా వదిలేశామని కదా నేను ఇన్నాళ్లూ ఏడ్చింది. ఇంతమందిలో ఉందిగా."

ఫెస్టస్ ఓర్లా వైపు చూశాడు, ఆమె సరేనని తలూపింది. జేసీబీ జోలికి పోకుండా నా చేతిలోని పార తీసుకున్నాడు. అక్క ఏ గుంటలో ఉందో తెలీదు కాబట్టి, ఇరవై మూడింటినీ అక్కే అన్నట్టు కప్పాడు.