రెండే బద్దలున్న కుర్చీ

2022లో దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక చిన్న ఫర్నిచర్ వర్క్‌షాపుకు నేను హెడ్ కార్పెంటర్ని. మాది జగిత్యాల దగ్గర పల్లె. పనిలో నాకెంత పేరుందో, కోతలు కోయడంలో అంతకు రెండింతలుంది. నేను చేసిన చెక్క ఒంటె ఎండకు తాళలేక తనంతట తానే నీడలోకి నడిచిందని చెప్పి, ఎప్పుడూ నవ్వని మా ముదీర్‌ని, అంటే మేనేజర్ని, కూడా నవ్వించాను.

ఆ మార్చిలో నోరా అనే ఐరిష్ ఆవిడ వచ్చారు. అల్ ఐన్‌లో టీచర్. చేతిలో తండ్రి గీసిన కుర్చీ డ్రాయింగు, కారులో యాష్ చెక్క. యాష్ వాళ్ల దేశపు చెట్టు. చెక్క తెల్లగా ఉంటుంది, వంచితే వంగుతుంది. ఇప్పుడక్కడ ఆ చెట్లు తెగులు సోకి చచ్చిపోతున్నాయట.

"ఇది మా ఇంటి వెనక చెట్టు. నాన్న కుర్చీలు చేసేవారు. దీన్ని కోసి ఆరబెట్టారు, అంతలోనే పోయారు. 2020లో విమానాల్లేవు. అంత్యక్రియలు ఫోన్లో చూశాను" అన్నారు.

కుర్చీ వీపు విల్లులా వంగాలి. చెక్కను వంపుగా కోస్తే బలం ఉండదు, ఆవిరి పట్టి వంచాలి. దాన్ని స్టీమ్ బెండింగ్ అంటారు. కావలసింది ఒక్క బద్దే, కానీ అందుకు సరిపడేవి రెండే ఉన్నాయి.

"ఇంతకు ముందు చేశారా?"

"వంద వంచాను మేడమ్. మా తాత పల్లకీ బొంగులు వంచేవాడు."

నిజానికి మా తాత దర్జీ.

మా షాపులో ఎప్పుడూ రంపపు పొట్టు పలకల మీద వెనీర్ అనే పల్చటి చెక్క పొర అతికించే పనే. అయినా బిర్యానీ డేగిషాలో నీళ్లు మరగబెట్టి, దాని మీద ఒక గొట్టం బిగించి, అందులో బద్దకు అరగంట ఆవిరి పట్టాను. నేనొక కొస, నా హెల్పర్ మస్తాన్ ఒక కొస పట్టుకుని అచ్చు మీదికి వంచాం. సగం వంగి టప్‌మని విరిగింది. నెలల తరబడి ఆవిడ ఇంట్లో ఏసీ గదిలో ఉండి ఎముకలా ఎండిన చెక్క అది. ముందు నానబెట్టాలని నాకు తెలియదు.

మస్తాన్‌ది నెల్లూరు. "ఏందన్నా, వందొంచినానంటివే! ఇది నూటొకటోదా?" అన్నాడు. నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "మార్కెట్లో అమెరికా యాష్ దొరకతాదిలే. ఆమెకేం తెలస్తాది? యల్లా, పోయి తెచ్చేద్దాం పా."

లేచాను కూడా. చేతిలోని విరిగిన ముక్కను తిప్పితే అడుగున పెన్సిల్‌తో 'వీపు' అని ఇంగ్లీషులో రాసి, పక్కన బాణం గీసి ఉంది. ఆ పెద్దాయన రాత. కొత్త చెక్క మీద నేనూ రాయగలను. కానీ చెయ్యి రాలేదు. ఆవిడకు ఫోన్ చేశాను.

నోరా మర్నాడు వచ్చి, విరిగినచోట బొటనవేలితో చాలాసేపు తడిమారు.

"వంద అన్నారు?"

"ఒక్కటీ లేదు మేడమ్. మా తాత దర్జీ."

ఆవిడ నవ్వలేదు. "రెండోది నాకిచ్చేయండి."

"ఒక్క వారం ఆగండి. మిగిలిన తునకలతో నేర్చుకుంటాను. రాకపోతే మీ చెక్క మీరు తీసుకెళ్లండి" అన్నాను. ఆవిడ సరేనన్నారు.

నాలుగు తునకలు విరిగాయి. ఐదోదాన్ని రోజుల తరబడి నానబెట్టి, గంటన్నర ఆవిరి పట్టి, పగలకుండా బయటి వైపు ఇనుప పట్టీ కట్టాను. అది వంగింది. ఆవిడకు చూపించాకే అసలు బద్ద ముట్టుకున్నాను. ఆ రోజు ఒక కొస ఆవిడే పట్టుకున్నారు. చప్పుడు లేకుండా వంగింది.

కాళ్లు బిగించే రోజు ఇంకో సంగతి. ఆ కుర్చీలో కాళ్లు కూర్చునే పీటలోంచి పైకి వస్తాయి. అవి ఊడకుండా కొసలు చీల్చి చిన్న చెక్క చీలలు దిగగొట్టాలి. ఆవిడ పెన్సిల్ రాత ఉన్న ముక్కను కోయించుకుని దాచుకుని, మిగతాది నా చేతికిచ్చారు. "చీలలు దీనితో చేయండి." నేను విరిచిన బద్దే ఇప్పుడు ఆ నాలుగు కాళ్లనూ పట్టుకుని ఉంది.

చెక్క ఒంటె కథ ఇంకా చెబుతూనే ఉన్నాను. ఇప్పుడది షార్జా దాకా నడుస్తోంది. కానీ ఎవరైనా చెక్క పట్టుకొచ్చి "ఇది చేశారా?" అని అడిగితే, చేయనిది చేయలేదనే అంటాను. కొందరు చెక్క తీసుకుని వెళ్లిపోతారు. కారు దాకా మోసి పెట్టి వస్తాను.