లెంపీ అత్త చూసిన పిట్ట

మిన్నెసోటా ఉత్తరాన మా చిన్న ఊళ్లో లెంపీ అత్తను ఎరగనివారు లేరు. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో పిల్లలకు వండిపెట్టింది. ఇప్పుడు పెరట్లో పిట్టలకు పెడుతోంది. మంచు పడితే ముందు గింజల పెట్టె దాకా దారి తీసి, ఆ తర్వాతే తన గుమ్మం సంగతి చూసుకుంటుంది. పెట్టె మీద వాలడం చేతకాని పిట్టలకని కింద ఒక పలక మీద ఎండుద్రాక్ష, ఆపిల్ ముక్కలు వేస్తుంది.

ఏటా క్రిస్మస్ ముందు ఊరంతా పిట్టలను లెక్కపెట్టే రోజున ఎవరి పెరట్లో చూసినవి వాళ్లు నాకు ఫోన్ చేసి చెబుతారు; జాబితాలోకి ఎక్కించేది నేను. ఆ ఏడు ఫోన్‌లో అత్త సంబరం ఆగడం లేదు.

"ఒరే అర్వో, రొమ్మంతా నారింజ రంగురా, అడ్డంగా నల్ల పట్టీ! పడమటి కొండల పిట్టరా ఇది, మన పెరట్లో!"

"రాబిన్ అయ్యుంటుంది అత్తా. కళ్లజోడు తుడుచుకుని చూడు."

దానిదీ నారింజ రొమ్మే కదా అని రాబిన్ అనే రాశాను. అంతటితో ఊరుకున్నానా? ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కాఫీల దగ్గర, "పట్టీ ఉన్నది అత్త కళ్లజోడుకేమో" అన్నాను. అందరూ నవ్వారు. అత్తా నవ్వింది. కాఫీ మాత్రం సగంలో వదిలేసి వెళ్లింది. ఆ తర్వాత ఫోన్ లేదు.

జనవరిలో నా భార్య జ్వరపడితే అత్తే సూప్ కాచి పంపింది. ఖాళీ గిన్నె ఇవ్వడానికి వెళ్లి పెరటివైపు తిరిగానో లేదో, పలక మీద ఆపిల్ పొడుస్తూ ఒక పిట్ట కనబడింది. నారింజ రొమ్ము. దాని మీద నల్ల పట్టీ. రాబిన్‌కు ఆ పట్టీ ఉండదు. గిన్నె పట్టుకుని అక్కడే చూస్తూ నిలబడ్డాను.

అత్త వెనక తలుపు తీసింది. "రాబిన్‌ను ఎంతసేపు చూస్తావురా, లోపలికి రా."

"తప్పయిపోయింది అత్తా."

"పిట్టకేం? దాని తిండి అది తింటోంది."

వంటింటి బల్ల మీద ఆమె నోటుపుస్తకం ఉంది. నలభై చలికాలాల పిట్టలున్నాయి అందులో. డిసెంబరు పేజీలో ఏదో రాసి, రబ్బరుతో చెరిపి, దాని మీదే 'రాబిన్' అని రాసుకుంది. తన కళ్లను తానే నమ్మకుండా చేశాను ఆమెను. ప్రభువు క్షమిస్తాడు, ఆయన గుణం అది. నాకు మాత్రం ఆ చెరిపిన మరక కళ్లముందు నుంచి పోదు.

"పెన్సిల్ ఇవ్వు అత్తా. ఆదివారం అందరి ముందూ చెబుతాను."

"నువ్వే రాయి. నాకు కళ్లు కనబడవుగా!" అంటూ నా కప్పులో కాఫీ పోసింది, అంచుదాకా, ఒక్క చుక్క ఒలకకుండా.