తిరుగుడు వంతెన గడకు నేనాడిన బేరం

బేరం కుదరనప్పుడు రెండడుగులు వెళ్లిపోతే అమ్మేవాడు వెనక్కి పిలుస్తాడు. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకన్నా ముందు నేర్పిన విద్య ఇది. నడక నిదానంగా ఉండాలి. మొహంలో ఆశ కనపడకూడదు. వెనక్కి అస్సలు చూడకూడదు. నన్ను పిలవని వర్తకుణ్ణి నేను పోయిన వేసవిదాకా చూడలేదు.

మా నాన్న కిరాణా కొట్టు గోదావరి పాయ మీది రైలు వంతెన పక్కనే ఉండేది. ఊళ్లో అందరూ దాన్ని తిరుగుడు వంతెన అనేవారు. ధాన్యం, కొబ్బరికాయలు వేసుకొచ్చే పడవల తెరచాప కొయ్యలు వంతెనకు తగులుతాయి కనక, రైలు లేని వేళ నడిమి భాగాన్ని పట్టాలతో సహా పక్కకు తిప్పి దారిచ్చేవారు. దానికి ఇంజనూ లేదు, కరెంటూ లేదు. మనిషిన్నర పొడవున్న ఇనుప గడను వంతెన నడుమనున్న బెజ్జంలో దూర్చి, రొమ్ముకు ఆనించుకుని గానుగెద్దులా చుట్టూ నడవాలి. అలా ముప్పై ఏళ్లు నడిచినాయన మా వెనకింటి బాబాయ్. చుట్టరికం లేదు, పిలుపే.

పడవలు ఆగినంతసేపే మా కొట్టుకు వ్యాపారం. రైలు ఆలస్యమై వంతెన తిప్పడం కుదరని రోజు మా నాన్న మొహం పెళ్లివారిల్లులా ఉండేది. ఒకసారి నేను బాబాయ్‌ని బతిమాలి ఆ తిరిగే భాగం మీద నిలబడ్డాను. నేను కదులుతున్నట్టు తెలియనే లేదు. గల్లాపెట్టె ముందు కూర్చున్న నాన్నతో సహా మా కొట్టే పక్కకు జరిగిపోతుంటే కెవ్వుమన్నాను.

"ఒసే పిచ్చిదానా, కొట్టెక్కడికీ పోదే!" అని నవ్వాడు బాబాయ్.

పోయింది. లారీలొచ్చి పడవలు తగ్గాక ముందు కొట్టు మూతపడింది, తరవాత వంతెనను కదలకుండా బిగించేశారు. పక్కన కాంక్రీటు వంతెన లేచాక పాతదాన్ని తుక్కు కింద వేలం వేశారు. ఆ సంగతి బాబాయే చెప్పాడు, రాజమండ్రిలో నా స్టీలు సామాన్ల కొట్టుకు ఎండలో వచ్చి.

"ఆ గడ ఒక్కటి కావాలమ్మాయ్. గుమ్మంలో పెట్టుకుంటా. కాంట్రాక్టరు రెండువేలంటున్నాడు. పింఛను డబ్బు తెచ్చుకున్నా, ఇచ్చేద్దామనీ..."

"చెప్పిన ధరకే కొనేస్తారా! మా నాన్న వింటే పైనించి దిగొస్తాడు. నేనొస్తా పదండి. మీరు మాత్రం నోరు విప్పకండి."

మమ్మల్ని ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. నా గొప్పేంటో చూపించాలనుకున్నాను.

మేం వెళ్లేసరికి వంతెన సగం లేదు. గ్యాస్ కట్టర్లు బుసలు కొడుతున్నాయి. గడ గట్టు మీద విడిగా పడుంది. చేతులు రాసి రాసి ఒకచోట నున్నగా, నల్లగా మెరుస్తోంది. నేను దాన్ని చెప్పుకాలితో కదిపాను. సరుకును ముందు చులకన చెయ్యాలి కదా.

"దీనికి రెండువేలా అండి? మూడొందలిస్తా."

"ఏంటండీ మేడం, గట్టి ఇనుమండి అది."

"గట్టిదేంటండీ, వంకర పోయింది. అసలు ఈ వంతెన ఏనాడు సరిగ్గా తిరిగింది కనక? పడవలు పూటలకు పూటలు పడిగాపులు పడేవి. మా కొట్టు ముందే కదండీ, నేను చూడలేదా! ఎందుకూ పనికిరాని గడ."

పక్కన ఎవరున్నారో నాకు గుర్తులేదు. బేరంలో నాకు సొంత పేరే గుర్తుండదు. కాంట్రాక్టరు గడ వంక కొత్తగా చూసి తలూపాడు. బాగా దిగుతున్నాడనుకున్నాను.

"సరేలెండి, మాకొద్దు," అని బాబాయ్ చెయ్యి పట్టుకుని నడిచాను. రెండడుగులు. నాలుగు. టీ కొట్టుదాకా వచ్చేశాం.

"ఇచ్చేద్దామే అమ్మాయ్," అన్నాడు బాబాయ్ మెల్లగా. మెడ తిప్పబోయాడు.

"వెనక్కి చూడకండి బాబాయ్! చూస్తే రేటు పెరుగుద్ది."

ఆయన చూడలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. వెనకాల కట్టరు బుస వినిపిస్తూనే ఉంది. పొద్దున్నించీ వినిపిస్తున్నదే కదా అనుకున్నాను. రెండో టీ కూడా చెప్పాను.

ఎవరూ పిలవలేదు. చివరికి, దారిలో ఏదో మరిచిపోయినట్టు మొహం పెట్టి నేనే వెనక్కి నడిచాను.

గడ నాలుగు ముక్కలై పడుంది. కొసలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఒక కోత సరిగ్గా ఆ నున్నటి చోటే పడింది. చిన్నప్పుడు కొట్టు జరిగిపోయినప్పుడు కనీసం కెవ్వుమన్నా.

"పొడుగు సరుకు లారీలో పట్టదండి," అన్నాడు కాంట్రాక్టరు. "మీరే అన్నారు కదండీ పనికిరాదని. మీకు తెలుసు కదా అని కోయించేశాను. కావాలంటే ఊరికే పట్టుకెళ్లండి, ఆయ్."

ఊరికే! జీవితంలో ఇంత గొప్ప ధర నాకెప్పుడూ కుదరలేదు.

బాబాయ్ కిందకు వంగాడు. ముట్టుకోబోయి వేడికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి, బనీను జేబులోంచి మడత పెట్టిన నోట్లు తీసి కాంట్రాక్టరు చేతిలో పెట్టాడు. పూర్తిగా రెండువేలు.

"అయ్యో, వద్దండి! ముక్కలకు డబ్బులేంటండీ?"

"తీసుకో నాయనా. ముప్పై ఏళ్లు నేను తిప్పిన గడ అది. ఒక్కనాడు కూడా పడవను ఊరికే ఆపలేదు. మా వాళ్లు పనికిరాదన్నారని నేను ఊరికే పట్టుకెళితే, ఆ మాట నేనూ ఒప్పుకున్నట్టే."

మా వాళ్లు అన్నాడు. అంత జరిగాక కూడా.

ముక్కలు చల్లారేదాకా గట్టు మీదే కూర్చున్నాం. ఆటోవాడు బరువెక్కువని రెండింతలు అడిగాడు. బాబాయ్ నా వంక చూశాడు. నేను నోరు మూసుకుని ఎక్కాను.