నాలుగు చారల కమొడోర్

మా బాబాయి మనుషుల ముఖం చూడడు, చేతులు చూస్తాడు. రేవు పక్క వీధిలో నేవీ ఆఫీసర్ల యూనిఫారాలు కుట్టీ కుట్టీ పట్టుకున్న జబ్బది. కోటు చేతుల మీద బంగారు చారలు చూశాడంటే, ఎవరు ఎవరికి సెల్యూట్ కొట్టాలో చెప్పేస్తాడు. తన పెళ్లిలోనూ ముందు మామగారి కోటు చేతులే చూశాడని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటివాడి దగ్గరికి, మా మేనత్తను చేసుకోబోయే పెద్దమనిషి కోటు వచ్చింది. అత్త భర్త పోయి చాలాకాలమైంది. ఈయన వేరే దేశపు నేవీలో చేసి రిటైరయ్యాడు, కమొడోర్‌నని చెప్పాడు. రిజిస్ట్రారు ఆఫీసుకు ఆ కోటే వేసుకొస్తాడట. నడుం దగ్గర కాస్త వదులు చేయాలి.

బాబాయి కోటు తిప్పి చూసి కళ్లు చికిలించాడు. సన్న చారలు నాలుగు. అంటే కెప్టెన్, కమొడోర్‌కు ఓ మెట్టు కింద. కమొడోర్‌కైతే ఒకటే వెడల్పాటి చార, దాని పైన చిన్న మెలిక.

“అక్కా, ఈయన తనకు తనే ప్రమోషన్ ఇచ్చుకున్నాడే!”

“నీకు పాలవాడి మీదా అనుమానమే. నోర్ముయ్‌రా.”

అత్త అంది గానీ ఆ పూట టీలో చక్కెర వేయడం మరిచిపోయింది. అబద్ధమైతే ఈ పెళ్లి లేదని ఆమె ముఖంలోనే తెలుస్తోంది.

బాబాయి ఓ ఉపాయం పన్నాడు. నాలుగు చారలూ విప్పేసి కమొడోర్ చార కుట్టాడు. దొంగైతే కిమ్మనకుండా వేసుకుపోతాడని బాబాయి లెక్క.

పెద్దమనిషి వచ్చాడు. అత్త పరదా వెనక. నేను గుండీలు ఏరుతున్నట్టు నటిస్తూ బల్ల దగ్గర. ఆయన కోటు తొడుక్కుని, అద్దం ముందు పొట్ట తట్టుకుని, “భేషుగ్గా ఉంది టైలర్ గారూ!” అన్నాడు.

బాబాయి నావైపు గర్వంగా చూశాడు. పరదా కదల్లేదు.

ఆయన గుండీ పెట్టుకోబోయి ఆగి, చేతిని కళ్లజోడు దగ్గరికి తెచ్చుకున్నాడు.

“కోటు నాదే. చేతులు నావి కావే? ఈ చార నాకెవరూ ఇవ్వలేదు, విప్పేయండి.”

“కమొడోర్‌నన్నారుగా?”

“మా నేవీలో అది ర్యాంకు కాదండీ, బాధ్యత. నాలుగైదు ఓడలకు పెద్దగా ఉన్న కెప్టెన్‌ను అలా పిలుస్తారు, చారలు మాత్రం నాలుగే. ఇక్కడేమో అదే ఓ ర్యాంకు. ఇంకోచోట ఆ మెట్టు మీదున్నవాణ్ణి చిన్న అడ్మిరల్ అంటారు. ఎక్కడికెళ్లినా నాకిదే తంటా!”

బాబాయి మెడలో టేపు సర్దుకున్నాడు. పరదా తొలగింది.

“వాడు మిమ్మల్ని పరీక్షించాడండీ. తెలిసీ నేను ఆపలేదు,” అంది అత్త.

ఆయన కోటు విప్పి బల్ల మీద పెట్టాడు. “పాసయ్యానా మరి?”

“టీ తాగి వెళ్లండి.” ఈసారి రెండు చెంచాల చక్కెర వేసింది.

ఆయన వెళ్లాక బాబాయి పాత చారలు తిరిగి కుడుతూ గొణిగాడు: “అక్కా, ఆ ఓడలు నిజంగా ఉన్నాయో లేదో కనుక్కున్నావా?”