పప్పుగింజలు ఏరిన చెయ్యి

అమ్మ కంచం ముందు కూర్చుని పప్పుగింజలు ఏరే మా మామ వేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అరవైల నాటి సంగతి. అమ్మ రొమ్ములో క్యాన్సర్ గడ్డ ఉందని తెలిసి, చేసిపెట్టడానికి నేను అత్తగారింటి నుంచి మా పుట్టింటి ఊరు కప్పగల్లు వచ్చాను. అమ్మ అన్న, అంటే మా మామ, అప్పటికే ఒక కన్నడ పత్రిక ముక్క జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. పప్పులో, పాలలో ఉండే ఏదో పదార్థం తగ్గిస్తే గడ్డ ఎదగదేమోనని ఎక్కడో డాక్టర్లు పరీక్షిస్తున్నారట. ఆయనకు అంతే చాలింది. పప్పు, పాలు, గుడ్లు అన్నీ మాన్పించాడు. చారులో ఒక్క గింజ కనబడినా వేలితో తీసి పక్కన పెట్టేవాడు.

"ఇది నీకు గాదమ్మా, గడ్డకు" అనేవాడు.

"అమ్మ ఎముకలు బయటపడతాండాయి మామా. డాక్టర్ను అడుగుదాం" అన్నాను.

"గడ్డ గూడా చిక్కుతాంటాది. ఓర్చుకో పాపా."

ఒక మధ్యాహ్నం అమ్మ నా కొంగు పట్టుకుంది. "మీ మామ ల్యానప్పుడు రవ్వంత పప్పు కలిపి పెట్టు పాపా" అంది. గడ్డ ఎదుగుతుందేమోనని నేనూ భయపడి పెట్టలేదు.

గడ్డ చిక్కలేదు. జొన్న గంజి మీదే అమ్మ చిక్కి చిక్కి పోయింది.

దినాల నాడు, పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టే విస్తట్లో మామ ముద్దపప్పు గుట్టగా పెట్టి నెయ్యి పోశాడు. "తినమ్మా, ఇంక ఏం బయం ల్యా" అని ఏడ్చాడు.

అందరూ చూస్తుండగా ఆ పప్పంతా చేత్తో తీసి ఆయన దోసిట్లో పెట్టాను.

"ఇది అమ్మకు గాదు మామా, నీకు."